అపాదాన రాతి చెక్కడాల ఫొటో గోడకి పెట్టాలి: ఏ శిల్పం, ఎంత ఫైలు, ఏ కాగితం?

గోడబొమ్మ (ప్రశ్న)

ఇరాన్‌లోని పర్సెపోలిస్ (ప్రాచీన పర్షియా రాజుల రాజధాని) శిల్పాల ఫొటో ఒకటి పెద్దగా ప్రింట్ తీయించి సోఫా వెనక గోడకి పెట్టాలనుకుంటున్నాను. కొలతలు ఇవీ: గోడ వెడల్పు 360 సెం.మీ., సోఫా పొడవు 210 సెం.మీ., సోఫా వీపు నేల నుంచి 85 సెం.మీ. గోడకి ఎదురుగా నిలబడితే కిటికీ ఎడమచేతి వైపు వస్తుంది. ఎదురు కుర్చీల నుంచి బొమ్మకి రెండున్నర మీటర్ల దూరం. పక్కనే నడక దారి ఉంది కాబట్టి మీటరు దూరం నుంచి కూడా చూస్తారు.

ఇప్పటికి మూడు బొమ్మలు చూసి పెట్టుకున్నాను.

ఒకటి, రెడీమేడ్ కాన్వాస్. "ప్రాచీన పర్షియన్ రక్షకుడు" అని పేరు పెట్టారు. రెక్కలున్న మనిషి, చేతిలో చిన్న బకెట్టు లాంటిది, రాయి అంతా ముదురు నారింజ రంగు.

రెండు, అక్కడి కొలువు మండపమైన అపాదాన తూర్పు మెట్ల మీది ఊరేగింపు. ఉచిత లైసెన్సుతో దొరికిన 6000×4000 ఫైలు. బూడిద రంగులో, కాస్త చప్పగా ఉంది.

మూడు, ఎద్దు మీద పడుతున్న సింహం. నీడలు చాలా గట్టిగా, అందంగా ఉన్నాయి కానీ ఫైలు 3000×2000 మాత్రమే. వెలుతురు కుడివైపు నుంచి పడుతోంది.

వీటిలో ఏది మేలు? కాన్వాసా, అక్రిలిక్కా, కాగితమా? మూడు పలకలుగా విడగొట్టి పెడితే బాగుంటుందా? కిటికీ ఎడమవైపు ఉంది కాబట్టి మూడో బొమ్మని అద్దంలోలా తిప్పి ప్రింట్ చేయించవచ్చా?

శిలాప్రియ

మొదటిది పక్కన పెట్టేయండి, అది పర్షియన్ శిల్పం కాదు. రెక్కలు, చేతిలో బకెట్టు, రెండో చేతిలో పైన్ కాయ లాంటి వస్తువు ఉన్న మూర్తులు అస్సీరియావి (ఇప్పటి ఇరాక్ ప్రాంతపు ప్రాచీన రాజ్యం). నిమ్రూద్‌లో రెండవ అషుర్‌నసిర్‌పాల్ రాజభవనం గోడల మీదివి, క్రీ.పూ. 9వ శతాబ్దం. పర్షియా రాజు డారియస్ పర్సెపోలిస్ కట్టడం మొదలుపెట్టింది క్రీ.పూ. 518 ప్రాంతంలో, అంటే వాటికి మూడు వందల ఏళ్ల పైచిలుకు తర్వాత. అమ్మేవాళ్లు ఈ రెంటినీ తరచూ కలిపేస్తారు. కొనేముందు పోల్చుకోవడం పెద్ద కష్టం కాదు. అస్సీరియన్ మూర్తుల పిక్కలూ ముంజేతులూ కండలు తిరిగి ఉబ్బి ఉంటాయి. చాలా పలకల మీద శాసనం పట్టీలాగా మూర్తి నడుం మీదుగానే పోతుంది. పర్సెపోలిస్‌లో ఒంటి మీద కండ కనబడదు, బట్ట మడతలే కనబడతాయి. వరుసలు నింపాదిగా నడుస్తుంటాయి. యుద్ధం ఎక్కడా లేదు. రాజో వీరుడో మృగాన్ని పొడిచే దృశ్యాలు, సింహం ఎద్దు మీద పడే దృశ్యాలు తప్ప హింస ఉండదు.

మనిషి తల, రెక్కలు ఉన్న పెద్ద ఎద్దుల బొమ్మ ఎదురైతే కాళ్లు లెక్కపెట్టండి. అస్సీరియా ఎద్దులకి సాధారణంగా ఐదు కాళ్లు చెక్కేవారు, ముందు నుంచి చూసినా పక్క నుంచి చూసినా నిండుగా కనబడాలని. పర్సెపోలిస్‌లో సర్వదేశాల ద్వారం దగ్గర ఉన్నవాటికి నాలుగే.

ఇంకో కలగాపులగం కూడా చెప్పాలి. రంగురంగుల విలుకాండ్ర వరుస "పర్షియన్ రాతి చెక్కడం" పేరుతో దొరుకుతుంది. అది రాయి కాదు, సూసా నగరపు మెరుగు ఇటుకల పని, పారిస్ మ్యూజియం లూవ్ర్‌లో ఉంది. అందమైనదే, కానీ మీరు వెతుకుతున్నది అది కాదు.

ఇక రెండో బొమ్మ. తూర్పు మెట్లు దొరకడం మీ అదృష్టం. అపాదానకి ఉత్తరాన, తూర్పున రెండు మెట్ల వరుసలున్నాయి. రెండింటి మీదా ఒకటే ఊరేగింపు, అద్దంలో బొమ్మలా దిక్కు మారి. ఉత్తరం వైపుది శతాబ్దాలుగా ఎండకీ వానకీ మనుషుల చేతికీ చిక్కి అరిగిపోయింది. తూర్పుది శిథిలాల కింద పూడిపోయి, 1930ల మొదట్లో షికాగో విశ్వవిద్యాలయం తరఫున పురావస్తు శాస్త్రవేత్త హెర్జ్‌ఫెల్డ్ తవ్వించినప్పుడు బయటపడింది. అందుకే గడ్డపు ఉంగరాలు, గుర్రం జూలు, గిన్నెల అంచులు ఇప్పటికీ పదునుగా ఉన్నాయి. పెద్ద ప్రింటుకి ఆ పదునే ప్రాణం.

ఆ మెట్ల మీద కానుకలు తెచ్చే బృందాలు 23. బృందానికీ బృందానికీ మధ్య ఒక సైప్రస్ చెట్టు. ప్రతి బృందం ముందూ రాజభటుడు ఒకడు నాయకుడి చెయ్యి పట్టుకొని నడిపిస్తుంటాడు. ఆ భటుడు ఒకచోట పర్షియన్, తర్వాతి చోట మీడ్ (పర్షియన్లకి పొరుగు ఇరానీ జాతి). నిలువు గాడుల టోపీ, మడతల అంగీ ఉంటే పర్షియన్. గుండ్రటి టోపీ, పొట్టి అంగీ, బిగుతు పైజామా ఉంటే మీడ్. మీ ఫైల్లో ఏ బృందం ఉందో ముందు చూసుకోండి, ఎందుకంటే క్రాప్ దాన్ని బట్టే నిర్ణయించాలి. సింహం పిల్లల్ని చంకనెత్తుకున్నవాళ్లుంటే ఎలాము వాళ్లు. మూపురం ఎద్దు ఉంటే బాబిలోను వాళ్లు. రెండు మూపుల ఒంటె ఉంటే బాక్ట్రియా వైపు వాళ్లు. మొనదేలిన పొడుగు టోపీలుంటే శకులు.

18వదిగా లెక్కించే బృందం మనవైపు వాళ్లది, సింధు లోయ ప్రాంతం వాళ్లు. నాయకుడికి తప్ప మిగతావాళ్లకి పైన బట్ట లేదు, నడుముకి పంచె, ఉత్త కాళ్లు. ఒకడి భుజాన కావడి ఉంటుంది. కావడి బద్దకి రెండు కొసలా బుట్టలు, బుట్టల్లో మూతి కట్టిన చిన్న సంచులు. భారతీయులు పర్షియా రాజుకి బంగారు పొడి కప్పం కట్టేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు కాబట్టి ఆ సంచుల్లో ఉన్నది అదేనని పండితుల అంచనా. వెనక ఒకడు గాడిదని తోలుకొస్తుంటాడు, ఇంకొకడి రెండు చేతుల్లో రెండు గొడ్డళ్లు. ఫొటో ఎంచుకునే వీలు ఇంకా ఉంటే ఈ బృందాన్ని వెతకమని నా సలహా. కావడి మోసేవాడి ముందు ఆగి చూడని తెలుగువాడు ఉండడు.

మూడో బొమ్మ, సింహం ఎద్దు, అద్భుతమైన కూర్పు. తక్కిన మూర్తులన్నీ పక్క నుంచి కనబడుతుంటే సింహం ముఖం ఒక్కటే మన వైపు తిరిగి ఉంటుంది. కానీ ఆ శిల్పం మెట్ల వాలు కింద మిగిలే త్రికోణంలో చెక్కినది. దాన్ని పొడుగాటి దీర్ఘచతురస్రంలోకి నెడితే ఒక మూల ఖాళీ రాయి మిగులుతుంది, లేదా ఎద్దు తల తెగుతుంది. సోఫా మీద అడ్డంగా పెట్టడానికి ఊరేగింపే నప్పుతుంది.

వెలుగునీడ

శిలాప్రియ గారు శిల్పం సంగతి చెప్పారు, నేను వెలుతురు సంగతి చెబుతాను. రాతి చెక్కడం ఫొటోలో మనకి కనబడేది రాయి కాదు, నీడ. అపాదాన చెక్కడాలు లోతు తక్కువవి. సూటిగా ఎదురు నుంచి వెలుతురు పడితే బొమ్మ కాగితంలా చదునైపోతుంది. గోడని రాసుకుంటూ ఏటవాలుగా పడితే ఒక్కో గడ్డం వెంట్రుకా లేచి నిలబడుతుంది. కాబట్టి ఫొటో ఎంచుకునేటప్పుడు రంగు కంటే ముందు నీడ ఎటువైపు పడిందో చూడండి.

తూర్పు మెట్ల విషయంలో దీనికి లెక్క ఉంది. ఆ గోడ తూర్పుకి తిరిగి ఉంది, దాన్ని చూసేవాడి ముఖం పడమటికి ఉంటుంది. పొద్దున్నే సూర్యుడు వీపు వెనక ఉంటాడు, అందుకే చదును. పొద్దెక్కే కొద్దీ సూర్యుడు దక్షిణానికి, అంటే చూసేవాడి ఎడమచేతి వైపుకి జరుగుతాడు. మధ్యాహ్నం కాకముందే గోడని రాసుకుంటూ ఎడమ పైనుంచి వెలుతురు పడుతుంది, ఆ తర్వాత గోడ పూర్తిగా నీడలోకి పోతుంది. కాకపోతే ఇప్పుడు ఆ మెట్ల మీద రక్షణకి పైకప్పు వేశారు. అందుకని ఈమధ్యకాలపు ఫొటోలు చాలావరకు పరావర్తనమైన మెత్తటి వెలుతురులో తీసినవే. మీకు "చప్పగా" కనబడింది అదే. అది లోపమనుకోవద్దు. మెత్తటి వెలుతురు ఫైలులో నీడల్లోనూ వివరం మిగిలే ఉంటుంది, దాన్ని పైకి తేవచ్చు. గట్టి ఎండలో తీసిన ఫొటోలో నల్లగా పూడిపోయిన నీడని ఎవరూ వెనక్కి తేలేరు.

రంగు గురించి. పర్సెపోలిస్ రాయి బూడిద రంగు సున్నపురాయి. కొన్నిచోట్ల లేత గోధుమ ఛాయ ఉంటుంది. డారియస్ సొంత భవనం తచరలో రాయి ముదురు బూడిద, అద్దంలా నునుపు పట్టినది, దాని మీద ఆకాశపు నీలం తగులుతుంది. ముదురు నారింజ కనబడితే అది సాయంత్రపు ఎండ, లేదా ఫిల్టరు. పర్సెపోలిస్ దగ్గరి నక్ష్-ఎ రుస్తం కొండ చెక్కడాల్లో మాత్రం తేనెరంగు సహజమే. పరీక్ష తేలిక: ఎడిటర్లో డ్రాపర్‌తో నీడలో ఉన్న రాయి మీద నాలుగైదు చోట్ల ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు చూడండి. మూడింటికీ తేడా 10–15 లోపు ఉంటే రంగు ఆరోగ్యంగా ఉన్నట్టే. ఎరుపుకీ నీలానికీ 60, 70 తేడా ఉంటే వైట్ బ్యాలెన్స్ సరిచేయాలి. అసలు ఈ శిల్పాలకి ఒకప్పుడు నీలం, ఎరుపు, ఆకుపచ్చ పూతలుండేవి, ఆనవాళ్లు దొరికాయి. కాబట్టి "సహజమైన బంగారు రంగు" అనే మాటకి ఏ కాలంలోనూ ఆధారం లేదు.

అద్దంలా తిప్పడం: వద్దు. ఊరేగింపు బొమ్మలో అయితే అర్థమే మారిపోతుంది. తూర్పు మెట్ల మీద బృందాలు కుడికి నడుస్తాయి, ఉత్తరం మెట్ల మీద ఎడమకి. తిప్పితే లేని చోటు తయారవుతుంది. శాసనం ఉంటే ఇంకా ఘోరం. కీలాక్షరాలు ఎడమ నుంచి కుడికి సాగుతాయి, అడ్డంగా ఉన్న మేకు గుర్తు లావు తల ఎడమవైపు, తోక కుడివైపు ఉంటుంది. బొమ్మలో తలలన్నీ కుడివైపు ఉంటే ఎవరో తిప్పేశారని ఖాయంగా చెప్పవచ్చు. కొనే ఫైళ్లకి కూడా ఈ పరీక్ష చేయండి. సింహం–ఎద్దు కూర్పు మెట్లకి రెండు పక్కలా ఎదురెదురుగా చెక్కే ఉంది కాబట్టి తిప్పే బదులు అవతలి వైపుదాని ఫొటో వెతకడమే న్యాయం.

అయితే మీ అనుమానం వెనక ఉన్న గమనింపు మాత్రం సరైనది. మన కన్ను వెలుతురు పైనుంచి వస్తుందని అనుకుంటుంది. గదిలో వెలుతురు ఎడమ నుంచి వస్తూ బొమ్మలో నీడలు ఎడమకే పడి ఉంటే కొన్ని క్షణాలు ఉబ్బు గుంతలా, గుంత ఉబ్బులా కనబడుతుంది. కింద నుంచి దీపం వేసి తీసిన మ్యూజియం ఫొటోల్లో ఇది మరీ ఎక్కువ. ఎడమ కిటికీ ఉన్న గోడకి ఎడమ పైనుంచి వెలుతురు పడ్డ ఫొటో, లేదా మీ రెండో బొమ్మలా దిక్కు తెలియని మెత్తటి వెలుతురు ఫొటో తీసుకోండి.

గోడబొమ్మ

చాలా స్పష్టంగా చెప్పారండీ ఇద్దరూ. రెండో ఫైలే ఖాయం చేస్తున్నాను. మళ్లీ తెరిచి చూస్తే అందులో పూర్తిగా ఒక బృందం, ఆ పక్క దాంట్లో సగం ఉన్నాయి. పైనా కిందా గుండ్రటి పువ్వుల పట్టీ కూడా కొంత వచ్చింది. ఫొటో కాస్త పక్క నుంచి తీసినట్టుంది, కుడివైపు మూర్తులు చిన్నవిగా కనబడుతున్నాయి. 150×60 సెం.మీ. సైజుకి ఈ ఫైలు సరిపోతుందా? ఏఐ అప్‌స్కేలింగ్ వాడవచ్చా?

ప్రింటుగది

ముందు లెక్క. మామూలు కంటిచూపు ఒక ఆర్క్ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) వరకు విడదీసి చూడగలదు. దాన్నుంచి వచ్చే సూత్రం: 3438ని అంగుళాల్లో దూరంతో భాగిస్తే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు (పీపీఐ) కావాలో వస్తుంది. రెండున్నర మీటర్లంటే 98 అంగుళాలు, 35 పీపీఐ చాలు. మీటరు అంటే 39 అంగుళాలు, 88 కావాలి. 60 సెం.మీ. దగ్గరికొచ్చి చూస్తే 146. మీ ఫైలు 6000 పిక్సెళ్ల వెడల్పూ వాడితే 150 సెం.మీ.కి 102 పీపీఐ వస్తుంది. మీటరు దూరానికి సరిపోతుంది. మూడో ఫైలు 3000 పిక్సెళ్లది, అదే వెడల్పుకి 51. నడకదారి నుంచి చూస్తే మసక తెలిసిపోయేది.

కానీ 150×60 వద్దంటాను. కారణం కాగితం. పెద్ద ప్రింటర్ల రోలు 24 అంగుళాలది, అంటే 61 సెం.మీ. మీ బొమ్మ ఎత్తు 60 అయితే పైనా కిందా అర సెంటీమీటరు కూడా మిగలదు. ఫ్రేములో పట్టుకోవడానికి అంచు ఉండదు. 44 అంగుళాల రోలుకి పోతే సగం కాగితం వృథా. బొమ్మని 140×56 చేయండి, నిష్పత్తి అదే 5:2, రెండున్నర సెంటీమీటర్ల అంచు దొరుకుతుంది, పీపీఐ కూడా 109కి పెరుగుతుంది. పైగా 210 సోఫాకి మూడింట రెండు వంతులంటే సరిగ్గా 140.

పక్క నుంచి తీసిన ఫొటో సరిచేయడం. ఆ పువ్వుల పట్టీలే మీకు కొలబద్ద. పర్‌స్పెక్టివ్ టూల్లో పై పట్టీ అంచుకీ కింది పట్టీ అంచుకీ గైడ్ గీతలు పెట్టి రెంటినీ సమాంతరం చేయండి. ముందుగా లెన్స్ కరెక్షన్, ఆ తర్వాతే పర్‌స్పెక్టివ్. క్రమం తారుమారైతే పట్టీ విల్లులా వంగి మిగులుతుంది. సాగదీసిన వైపు పిక్సెళ్లు పలచబడతాయి కాబట్టి కుడివైపు మూర్తుల్ని 100 శాతం జూమ్‌లో చూడండి. అక్కడ ముఖాలు మెత్తబడి ఉంటే ఆ చివర నుంచే క్రాప్ చేయడం మేలు. వృత్తం నిజంగా వృత్తమైందో లేదో కూడా ఆ పువ్వులే చెబుతాయి. ఒక పువ్వుని అడ్డంగా, నిలువుగా కొలవండి. 3 శాతం కంటే తేడా ఉంటే మూర్తులు లావెక్కినట్టో సన్నబడ్డట్టో కనబడతాయి.

క్రాప్ చేసేటప్పుడు పువ్వుల పట్టీ ఉంచితే పూర్తిగా ఉంచండి, తీస్తే పూర్తిగా తీయండి. సగం తెగిన పన్నెండు రేకుల పువ్వుల వరుస చూపుని అంచుకి లాగేస్తుంది. ఎడమ, కుడి అంచులు సైప్రస్ చెట్ల దగ్గర ఆపండి, చెట్టు మొత్తం లోపలే ఉండాలి. మొత్తం బృందం, దాన్ని నడిపించే భటుడు, రెండు చెట్లు ఉంటే కూర్పు తనంతట తానే కుదురుతుంది. భటుడు తెగిపోతే ముందున్నవాడి చెయ్యి గాల్లో వేలాడుతుంది.

ఏఐ అప్‌స్కేలింగ్ ఈ సబ్జెక్టుకి మాత్రం వద్దు. ఆ ప్రోగ్రాములు ఉలి గీతని వెంట్రుక అనుకుంటాయి, రాతి గరుకుని నాయిస్ (ఫొటోలో వచ్చే చుక్కలు) అనుకొని నున్నగా తుడిచేస్తాయి. గడ్డంలో నత్తగుల్లల్లా వరుసగా చుట్టుకున్న ఉంగరాలు అల్లిబిల్లి నూలు పోగులవుతాయి. కీలాక్షరాలు ఉంటే భాషే కాని భాషగా మారతాయి. మామూలు బైక్యూబిక్‌తో 200 పీపీఐకి పెంచి, ఆ సైజులో హై పాస్ ఒకటిన్నర నుంచి రెండు పిక్సెళ్ల వ్యాసార్థంతో పదును పెట్టండి, లేయర్ బలం 40–50 శాతం. క్లారిటీ స్లయిడరు +20 దాటించవద్దు. దాటితే మూర్తుల చుట్టూ తెల్లటి అంచు పుట్టి, రాయిలోంచి లేచినట్టు కాక కత్తిరించి అతికించినట్టు ఉంటుంది.

చప్పదనం తగ్గించాలంటే మొత్తం కాంట్రాస్టు పెంచకండి. కర్వ్‌లో మధ్య ఛాయలు మాత్రమే కొద్దిగా వంచండి. మెత్తటి వెలుతురులో రాయి విలువలన్నీ మధ్యలో గుంపుగా ఉంటాయి, వాటిని విడదీస్తే చాలు.

కాగితానికి నా ఓటు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) పైన ఉన్న మ్యాట్ కాటన్ ర్యాగ్‌కి, పిగ్మెంట్ ఇంకుతో. సున్నపురాయి ఉపరితలం మెరవదు, కాగితమూ మెరవకూడదు. కాన్వాస్ ఎందుకు వద్దంటే దాని నేత గళ్లు రాతి గరుకుతో పోట్లాడతాయి. చిన్న చిన్న ముఖాల మీద నేత గీత అడ్డంగా పడితే ముక్కు ఎక్కడో మూతి ఎక్కడో తెలియదు. నిగనిగలాడే అక్రిలిక్ అంటించినదైతే ఎడమ కిటికీ అందులో ప్రతిబింబించి, మనం కష్టపడి కాపాడిన నీడలన్నీ కొట్టుకుపోతాయి.

మ్యాట్‌కి ఒక బలహీనత ఉంది. నలుపు నిజంగా నలుపు కాదు, ముదురు బూడిద. స్క్రీన్ మీద 0 నుంచి 255 దాకా ఉండే ఛాయల్లో 15 లోపున్నవన్నీ కాగితం మీద ఒకే ముద్దగా దిగుతాయి. ఆ కాగితానికి ఇచ్చే ఐసీసీ ప్రొఫైల్‌తో సాఫ్ట్ ప్రూఫ్ (కాగితం మీద ఎలా దిగుతుందో స్క్రీన్ మీదే చూపే నమూనా) చూసి నీడల్ని 18–20 దాకా పైకి లేపండి. మొత్తం ప్రింటుకి ముందు 30×20 సెం.మీ. ముక్కని అసలు స్కేల్లోనే పరీక్షగా తీయించండి. అందులో లోతైన నీడ, తెల్లటి అంచు, ఒక ముఖం మూడూ ఉండాలి. దాన్ని ఆ గోడకే టేపుతో అంటించి పగలొకసారి, రాత్రి దీపాల కింద ఒకసారి చూడండి. తటస్థ బూడిద రంగు ప్రింటులో చిక్కేమిటంటే ఒక వెలుతురులో సరిగ్గా ఉన్నది ఇంకో వెలుతురులో పచ్చగానో గులాబీగానో తిరుగుతుంది. రంగు ఇంకులు కలిపి బూడిద తయారుచేసే ప్రింటర్లలో ఇది ఎక్కువ. నలుపుతో పాటు రెండు బూడిద ఇంకులు విడిగా ఉన్న యంత్రం మీద తీయమని అడగండి.

ఫ్రేముకట్టు

ప్రింటుగది గారితో ఒక్క చోట విభేదిస్తాను. నడకదారి పక్కన, మీటరు దూరంలో మనుషులు తిరిగే చోట కాటన్ కాగితాన్ని ఏ రక్షణా లేకుండా పెట్టలేరు. దాని పైపొర చేతి గోరు తగిలినా తెల్లగా గీత పడుతుంది. అద్దమో అక్రిలిక్కో కావాలి. పెట్టేది ప్రతిబింబం తగ్గించే రకం అక్రిలిక్ అయితే నీడలకి అంత నష్టం ఉండదు. ఫ్రేము లేకుండా కావాలంటే రెండో దారి 3 మి.మీ. అల్యూమినియం కంపోజిట్ షీటు మీద మ్యాట్ ప్రింటు అంటించి, పైన మ్యాట్ రక్షణ పొర వేయించడం. 140×56కి బరువు మూడు కిలోలే. తడిగుడ్డతో తుడవవచ్చు. కాగితపు మెత్తదనం కొంత పోతుంది, అది ఒప్పుకోవాలి.

ఫ్రేముకే పోతే కొలతలు ఇలా: బొమ్మ 140×56, చుట్టూ మౌంటు బోర్డు 6 సెం.మీ., అంటే 152×68. మౌంటు బోర్డు పెద్ద సైజు 40×60 అంగుళాలు, 60 అంగుళాలంటే 152.4 సెం.మీ. సరిగ్గా ఒక ముక్కలో సరిపోతుంది. ఇంతకంటే వెడల్పు పెంచితే బోర్డుకి అతుకు వేయాలి, అది కనబడుతుంది. ఈ సైజుకి 3 మి.మీ. అద్దం 7.7 కిలోలు, 3 మి.మీ. అక్రిలిక్ 3.7 కిలోలు. అక్రిలిక్కే తీసుకోండి.

చాలామంది ఫ్రేముల్లో ఏడాది తిరక్కుండా కాగితం అలలు తేలడానికి కారణం నాలుగు వైపులా టేపు వేయడం. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం పెరుగుతుంది, తగ్గుతుంది. కదలడానికి చోటు లేకపోతే మధ్యలో ఉబ్బుతుంది. పైఅంచున మాత్రమే హింజిలు (గంజితో అంటించే కాగితపు పట్టీలు) వేసి వేలాడదీయాలి. 140 సెం.మీ. పొడుగుకి నాలుగు హింజిలు, జపనీస్ కాగితం, గోధుమ గంజి. ప్రింటు తీసిన రోజే అద్దం బిగించకూడదు. ఇంకులోని ద్రావకాలు ఇంకా ఆవిరవుతుంటాయి, అద్దం లోపలి వైపు పొగ పట్టినట్టు మరక తేలుతుంది. కనీసం 24 గంటలు గాలికి ఆరనివ్వాలి, మబ్బు రోజుల్లో ఇంకా ఎక్కువ.

మూడు పలకల ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. ఒకే బృందం ఉన్న బొమ్మని మూడు ముక్కలు చేయవద్దు. సమాన వెడల్పులకి కోస్తే గీత తప్పకుండా ఎవరో ఒకరి మీదుగానో గుర్రం మెడ మీదుగానో పోతుంది. రెండు మూడు బృందాలు పూర్తిగా దొరికితే మాత్రం చక్కగా కుదురుతుంది. చెక్కినవాళ్లే సైప్రస్ చెట్లతో విడగొట్టి పెట్టారు, కోత అక్కడే వేయాలి. అప్పుడు పలకల వెడల్పులు సమానంగా రావు, రానక్కర్లేదు. పలకల మధ్య 3 సెం.మీ. ఖాళీ వదిలితే బొమ్మలోంచి కూడా అంతే పట్టీ తీసేయాలి. తీయకుండా జరిపి పెడితే కింది పువ్వుల పట్టీ ఒక పలక నుంచి ఇంకో పలకకి వెళ్లేటప్పుడు దూకినట్టుంటుంది.

తగిలించడం: సోఫా వీపు 85, దాని మీద 20 సెం.మీ. వదిలితే ఫ్రేము కింది అంచు 105, నడిమి బిందువు 139. కంటి ఎత్తు 145–150 అని చెప్పే సూత్రం ఉత్త గోడలకి. సోఫా ఉన్నప్పుడు సోఫాకి దగ్గరగా ఉండటమే ముఖ్యం. మరీ పైకి పెడితే బొమ్మ సోఫాతో సంబంధం లేకుండా తేలిపోతుంది. తీగ కట్టి ఒకే మేకుకి వేలాడదీయవద్దు. తలుపు వేసినప్పుడల్లా వంకర పోతుంది. ఫ్రేము రెండు పక్క కమ్మీలకి డి రింగులు, గోడకి 8 మి.మీ. ప్లగ్గులు, 5 మి.మీ. స్క్రూలు రెండు. కింది మూలల్లో 5 మి.మీ. రబ్బరు బొడిపెలు అంటించండి, వెనక గాలి ఆడుతుంది. గోడ బయటివైపుదైతే ఇది తప్పనిసరి, లేకపోతే చెమ్మకి వెనక అట్ట బూజు పడుతుంది.

గోడబొమ్మ

అయితే ఒకే బొమ్మగా 140×56, కాటన్ కాగితం, ప్రతిబింబం తగ్గించే అక్రిలిక్. ఇంకో రెండు సందేహాలు. లైసెన్సు సీసీ బీవై–ఎస్ఏ (క్రియేటివ్ కామన్స్‌లో ఒక రకం) అని రాసి ఉంది, ఇంట్లో పెట్టుకోవడానికి ఏమైనా అడ్డమా? రాత్రి దీపం ఎక్కడ పెట్టాలి?

శిలాప్రియ

శిల్పం రెండున్నర వేల ఏళ్ల నాటిదైనా ఫొటో హక్కు తీసినవాళ్లదే. సీసీ బీవై–ఎస్ఏ కింద ఇంట్లో గోడకి ప్రింట్ చేసుకోవడానికి అభ్యంతరం లేదు. మీరు సరిచేసిన ఫైలుని ఎవరికైనా పంచితే ఫొటో తీసినవారి పేరు, లైసెన్సు, మార్పులు చేసిన సంగతి చెప్పి, అదే లైసెన్సుతో పంచాలి. పేరు, స్థలం, లైసెన్సు వివరాలు ప్రింటు వెనక పెన్సిలుతో రాసి పెట్టండి, "పర్సెపోలిస్, అపాదాన, తూర్పు మెట్లు" అని చోటు పేరుతో సహా. ఆ చివరి వివరం లేకే ఇన్ని బొమ్మలకి తప్పు పేర్లు అంటుకున్నాయి. మున్ముందు ఇంకో బొమ్మ కావాలంటే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో పర్సెపోలిస్ నుంచి వచ్చిన చిన్న పలక ఉంది, మెట్లెక్కుతున్న ఇద్దరు సేవకులు, చేతుల్లో అన్నపానాలు. ఆ మ్యూజియం 2017 నుంచి హక్కుల్లేని తన వస్తువుల ఫొటోలని సీసీ జీరో (ఏ షరతూ లేకుండా వాడుకోనిచ్చే పద్ధతి) కింద ఇస్తోంది. నిలువుగా, ఒంటరిగా పెట్టుకునే చోటికి బాగుంటుంది.

వెలుగునీడ

దీపం ఎడమవైపే, పైన. కిటికీ వెలుతురు ఎటునుంచి వస్తుందో రాత్రి దీపమూ అటునుంచే రావాలి, అప్పుడు పగలూ రాత్రీ బొమ్మ ఒకేలా చదువుకుంటుంది. సీలింగు నుంచి, నిలువు గీతకి 30 డిగ్రీల కోణంలో పడేలా స్పాట్ ఒకటి, 3000 కెల్విన్ (వెచ్చటి తెలుపు), సీఆర్ఐ (రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 90 పైన ఉన్న ఎల్‌ఈడీ. సీఆర్ఐ తక్కువైతే బూడిద రాయి పచ్చబారుతుంది. కోణం 30 కంటే ఎక్కువై దీపం దూరమైతే అక్రిలిక్‌లో బల్బు కనబడుతుంది, తక్కువై గోడకి మరీ ఆనుకుంటే ఫ్రేము నీడ బొమ్మ పైఅంచు మీద పడి, అక్కడి పువ్వుల పట్టీ చీకటైపోతుంది. బిగించే ముందు ఒకరు దీపం పట్టుకుని, ఒకరు ఎదురు కుర్చీలో కూర్చుని చూసి చోటు గుర్తుపెట్టుకోండి. కిటికీ నుంచి నేరుగా ఎండ బొమ్మ మీద పడే గంటలుంటే పరదా వేయండి. యూవీ ఆపే అక్రిలిక్ ఉన్నా పిగ్మెంట్ ఇంకు నేరు ఎండకి మెల్లగా వెలుస్తుంది.